ఒక రాత్రి ప్రయాణమంత దూరము

ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడి, ర్యాంకు కార్డులు చేతికి వచ్చి, కౌన్సిలింగు తేదీల కొరకు జనులు పత్రికలు తిరుగవేయు జూన్, జూలై మాసములలో, పదునెనిమిదేండ్ల బిడ్డ గల ప్రతి తెలుగింటను ఒక భూగోళ చర్చ సాగుచుండును. వరంగల్లునకు మన యూరినుండి నేరుగా బండి యున్నదా? కాకినాడలో మనవారెవరైన నున్నారా? సిల్చరు అస్సామున నున్నదా, త్రిపురలో నున్నదా? తండ్రి ర్యాంకును చూచును. తల్లి దేశపటమును చూచును. బామ్మ పంచాంగమును చూచును. ఎవరి నిమిత్తమై యీ పరిశీలనమంతయు జరుగుచున్నదో ఆ బిడ్డ మాత్రము తన స్నేహితులెక్కడెక్కడ చేరుచున్నారో ఫోనులో చూచుకొనుచు కూర్చుండును.

ఈ చర్చలో సాధారణముగా రెండు పక్షములు తలయెత్తును. ఒక పక్షమువారు బిడ్డ కంటి యెదుట నుండవలెననియు, వేళకింత వేడియన్నము తిని చదువుకొనుటకు మించిన భాగ్యము లేదనియు వాదింతురు. రెండవ పక్షమువారు ఇల్లు విడిచి దూరమేగిననేగాని పిల్లలు రాటుదేలరనియు, తల్లి కొంగు పట్టుకొని తిరిగినవాడు లోకము నెరుగడనియు ఘంటాపథముగా చెప్పుదురు. ఈ యుభయులును దూరమును కిలోమీటర్లతోనే కొలుచుచున్నారు. నా కొలత వేరు. రాత్రి బండి యెక్కిన తల్లిదండ్రులు తెల్లవారుసరికి బిడ్డ మంచము ప్రక్కకు చేరగలిగినంత దగ్గర, తరగతులు ముగిసిన సాయంకాలమున బిడ్డ యింటికి పరుగెత్తి రాజాలనంత దూరము: ఈ రెంటి నడుమ నున్న ప్రదేశమే పదునెనిమిదేండ్ల వయస్సునకు తగిన విద్యాక్షేత్రమని నా యభిప్రాయము. విశాఖపట్నమునుండి హైదరాబాదు రైలుమార్గమున ఏడు వందల కిలోమీటర్లు. అయినను గోదావరి ఎక్స్‌ప్రెస్సు సాయంకాలము బయలుదేరి మరునాటి యుదయమునకు మనలను చేర్చును. తూర్పు మన్యమునందలి యొక కొండపల్లెనుండి పట్టణము వంద కిలోమీటర్ల లోపే యైనను, వానకాలమున వాగు పొంగినచో ఆ దారి దినములతరబడి తెగిపోవచ్చును. కావున దూరమనునది దారినిబట్టియు, బండినిబట్టియు, అన్నిటికంటె మిన్నగా అవతలి కొసనున్న మనుష్యులనుబట్టియు మారుచుండును.

ఈ చివరి మాట మన పెద్దలు చక్కగా నెరిగినది. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున తెలుగు జిల్లాలలోని కళాశాలలు వ్రేళ్ళమీద లెక్కింపదగియుండెను. బందరున నోబిలు కళాశాల, రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాల, విజయనగరమున మహారాజావారి కళాశాల, కాకినాడలో పిఠాపురపు రాజావారి కళాశాల, గుంటూరున ఆంధ్ర క్రైస్తవ కళాశాల: చెప్పుకొనదగినవి యించుమించుగా నింతే. నిజాము రాజ్యమున నిజాం కళాశాల 1887లో పుట్టినది. వైద్యమో, న్యాయశాస్త్రమో చదువగోరిన సర్కారు జిల్లాల పిల్లవాడు చెన్నపట్టణమునకు పోవలసినదే. గోదావరిపై రైలువంతెన 1900 సంవత్సరమున తెరువబడునంతవరకు ఉత్తర జిల్లాలవారు నదిని పడవపై దాటవలసినవారే. బకింగ్‌హాము కాలువమీది పడవలలో దినములతరబడి ప్రయాణించి చెన్నపట్టణము చేరినవారును గలరు. 1923లో విశాఖపట్నమున వైద్యకళాశాలయు, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును వెలసిన పిమ్మటనే గదా ఆ దూరము కొంత తరిగినది.

అంత దూరమునకు, ఆ కాలమున, చేతిలో చిల్లిగవ్వలేని బాలురను తల్లిదండ్రులు ఏ ధైర్యముతో పంపిరి? వారములను నమ్ముకొని పంపిరి. సోమవారమొక యింట, మంగళవారమొక యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లలో భోజనము కుదుర్చుకొని, పంతులుగారి యరుగుమీదనో, సత్రపు వసారాలోనో పండుకొని చదువుకొన్న వారాలబ్బాయిలు మన గత రెండు మూడు తరముల న్యాయవాదులలోను, ఉపాధ్యాయులలోను ఎందరో యుండిరి. ఈ యేర్పాటును గూర్చి మనవారు మురిసిపోవుచు వ్రాయుట కద్దు. ఇంటి యిల్లాలి చిరాకును దిగమ్రింగుకొని విస్తరి ముందు కూర్చున్న బాలుని మనస్సు ఎంత నొచ్చెనో, ఏ వారము ఖాళీగా మిగిలిపోయి యుపవాసమయ్యెనో అట్టి వ్రాతలలో కానరాదు. పైగా ఆ యరుగులు అన్ని కులములవారికిని తెరచియుండలేదు. అయినను అందొక గుణము గలదు. జ్వరము వచ్చినచో గుర్తుపట్టుటకు ఏడు కుటుంబములుండెను. బుధవారము అబ్బాయి భోజనమునకు రాలేదన్న సంగతి బుధవారమునాడే తెలిసిపోవుచుండెను. నేటి యెన్ని హాస్టళ్ళలో ఈ పాటి యెరుక యున్నదో పాఠకులే యోచింతురుగాక.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యము ఇందుకు మరియొక నిదర్శనము. తండ్రి గతించిన పిదప తల్లి యొంగోలున పూటకూళ్ళ యిల్లు నడిపి పిల్లలను పోషించుచుండగా, హనుమంతరావునాయుడను నుపాధ్యాయుడు రాజమహేంద్రవరమునకు మారుచు ఆ బాలుని వెంటబెట్టుకొని పోయెను. తల్లికి ఒంగోలునకు రాజమహేంద్రవరమెన్ని మైళ్ళో తెలియునో తెలియదోగాని, తన బిడ్డ యెవరి చేతిలో నున్నాడో తెలియును. అరుగులు తెరువబడని వర్గములవారు తమ పిల్లలకొరకు తామే వసతిగృహములు నిర్మించుకొనిరి. హైదరాబాదున 1918లో రాజాబహద్దూరు వెంకటరామారెడ్డిగారు నెలకొల్పిన రెడ్డి హాస్టలు అట్టిది. జిల్లాలనుండి వచ్చిన కుర్రవాడు రాజధానీ నగరమున దిగిన తొలినాటి రాత్రి ఎక్కడ పండుకొనవలెనను ప్రశ్నకది సమాధానము.

ఆడపిల్లల విషయమున ఆ ప్రశ్నకు సమాధానము మరింత యాలస్యముగా వచ్చెను. దుర్గాబాయిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. చదువబోగా, స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనుట కష్టమని యుపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు సంశయించిరట. ఆమె వెనుదిరిగిపోలేదు. వసతిలేక చదువు మానుకొన్న యువతులెవరైన నున్నచో తనకు వ్రాయవలసినదని పత్రికలో ప్రకటించి, వచ్చినవారిని కూర్చుకొని, తామే యొక వసతి నేర్పరచుకొని, పిదప ప్రవేశము సంపాదించిరి. చదువునకు అడ్డుపడినది వాల్తేరు దూరము కాదు, వాల్తేరులో తలదాచుకొను గది లేమి. నేటికిని కూతురిని పొరుగూరికి పంపుటకు వెనుదీయు తల్లిదండ్రులతో సావకాశముగా మాటలాడి చూచినచో, వారి భయము దారిని గూర్చినది కాక ఆ గదిని గూర్చినదే యని బోధపడును. గది యెట్టిదో విచారింపక దారిని నిషేధించుట మన యలవాటైపోయినది.

ఇక నేటి సంగతి. బిడ్డ యెంత దూరము పోవలెనన్నది తల్లిదండ్రులు తామే నిర్ణయించుచున్నామని భావింతురుగాని, అందు సగము శాసనములు ముందే నిర్ణయించియున్నవి. రాజ్యాంగమునందలి 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి యుత్తర్వు, అప్పటి ఆంధ్రప్రదేశమును ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయముల పేరిట మూడు స్థానిక ప్రాంతములుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతపు కళాశాలలలో నూటికి 85 సీట్లు ఆ ప్రాంతపు పిల్లలకే కేటాయించినది. రాష్ట్ర విభజన చట్టము 2014 తరువాత పదేండ్లపాటు ఉన్నత విద్యాప్రవేశములను పూర్వపు రీతినే కొనసాగనిచ్చినది. ఆ గడువు 2024 జూన్ 2వ తేదీతో ముగిసినది. ఇట్టి స్థానిక కేటాయింపులవలన ర్యాంకు కొంచెము తక్కువైనను స్వంత ప్రాంతమున సీటు దొరకుటయు, సరిహద్దు దాటినంతనే ద్వారము సన్నగిల్లుటయు మనవారికి అనుభవైకవేద్యము.

దేశస్థాయి విద్యాసంస్థల తీరు వేరు. ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు అవి యున్న రాష్ట్రపు పిల్లలకు ప్రత్యేకింపబడినవి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా పుట్టిన వరంగల్లు సంస్థలో తెలంగాణ పిల్లలకును, 2015లో వెలసిన తాడేపల్లిగూడెపు సంస్థలో ఆంధ్రప్రదేశపు పిల్లలకును ఈ యనుకూలత గలదు. ఐ.ఐ.టి.లలో స్వరాష్ట్రపు వాటా యనునది లేనేలేదు. సంగారెడ్డి సమీపమున కందిలో ఐ.ఐ.టి. యున్నంతమాత్రమున సంగారెడ్డి బాలునకు ఒక్క సీటైనను అధికముగా రాదు. ఇట్టి నియమముల వలలో పడి, నడితరగతి ర్యాంకు వచ్చిన విజయవాడ విద్యార్థి, కాకినాడ జె.ఎన్.టి.యు.లో కోరిన శాఖ యొకవంకను, రెండు రాత్రులకు మించిన రైలుప్రయాణము చేయింపగల సిల్చరు ఎన్.ఐ.టి.లో కోరని శాఖ యొకవంకను పెట్టుకొని యూగిసలాడును. ఇట్టి సందర్భమున సంస్థ పేరును జూచి శాఖను వదలుకొనుమని సలహా చెప్పువారు వీధికొకరుందురు. నేను మాత్రము శాఖ నచ్చి, చోటు ఒక రాత్రి దూరమున నున్నచో కాకినాడకే యోటు వేయుదును.

ఇందొక వింత గమనింపదగియున్నది. అనంతపురపు బిడ్డకు బెంగుళూరు విజయవాడకంటె ఎంతయో దగ్గర. తిరుపతినుండి వేలూరు నూరు కిలోమీటర్ల చిల్లర. విశాఖపట్నమో, ఏడు వందలకు పైమాట. శ్రీకాకుళమువారికి తిరుపతికంటె భువనేశ్వరమును, ఆదిలాబాదువారికి హైదరాబాదుకంటె నాగపురమును సమీపము. అయినను “రాష్ట్రము దాటించితిమి” అని తల్లులు దిగులుపడుదురేగాని, స్వరాష్ట్రమున ఏడు వందల కిలోమీటర్లు పంపినప్పుడు “మన రాష్ట్రమేగదా” యని యూరడిల్లుదురు. సరిహద్దు దాటిన తరువాత ప్రవేశపు కోటాలు, ప్రభుత్వము చెల్లించు ఫీజులు, వేతనములు మారిపోవునన్నది నిజమే. ఆ లెక్కలు తప్పక వేసికొనవలెను. కాని దిగులునకు కారణము రాష్ట్రపు గీత కానక్కరలేదు.

ఇంటియొద్దనే యుండి చదువుకొనుటలోను కంటికి కనబడని దూరమొకటి యున్నది. ఊరి వెలుపల పొలముల నడుమ వెలసిన ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల పసుపుపచ్చ బస్సులు ఉదయము ఏడు గంటలు కాకమునుపే వీధిమలుపులలో పిల్లలను ఎక్కించుకొని, ముప్పది, నలువది, ఏబది కిలోమీటర్లు మోసికొనిపోయి, చీకటిపడువేళకు తెచ్చి దించుచున్నవి. ఏబది కిలోమీటర్ల దూరమైనచో రానుబోను నూరు. వారమునకు ఆరు దినములన్న ఆరు వందలు. అనగా ఇల్లు కదలలేదని మనము సంతోషించుచున్న ఆ బిడ్డ, వారము వారము హైదరాబాదునుండి విశాఖపట్నమునకు రోడ్డుమీద పోయినంత ప్రయాణము చేయుచున్నది! ఇంటికి వచ్చి బూట్లు విప్పి, అన్నము ముందు కునికిపాట్లు పడుచున్న పిల్లకు గ్రంథాలయములో గడుపు సాయంకాలము లేదు, ప్రయోగశాలలో ఆలస్యముగా మిగిలిపోవు భాగ్యము లేదు, వ్యాయామము లేదు, పై తరగతివారితో వాదులాట లేదు. కళాశాల చదువులో తరగతిగది వెలుపల జరుగు సగమును ఆ బస్సు మ్రింగివేయుచున్నది. గంటలోపు చేరగల చోటనే ఇంటివద్ద చదువు నిజముగా ఇంటివద్ద చదువగును.

ఇంతవరకును పదునెనిమిదేండ్ల వయస్సున ఇల్లు విడుచుటను గూర్చి చెప్పుచున్నాను. కాని ఈ చర్చలో అందరును మరచిపోవు సంగతి మరియొకటి గలదు. మన రెండు రాష్ట్రములలోను మధ్యతరగతి పిల్లలనేకులు ఆ వయస్సునకు చాల ముందే ఇల్లు విడుచుచున్నారు. పదవ తరగతి ఫలితములైన వచ్చునో రావో, విజయవాడ, గుంటూరు, హైదరాబాదు నగరములలోని కార్పొరేటు జూనియరు కళాశాలల పి.ఆర్.ఓ.లు ఇంటికి వచ్చి, రాయితీలు పలికి, పదునైదేండ్ల బిడ్డను రెసిడెన్షియలు క్యాంపసులో చేర్చుకొనిపోవుదురు. అప్పుడు ఏ తల్లియు దేశపటమును తెరువదు. కూతురిని వరంగల్లు పంపుటకు నేడు నెలరోజులు తర్జనభర్జన పడుచున్న తండ్రి, రెండేండ్లక్రిందట అదే కూతురిని అంతకంటె దూరమునకు ఒక్క సాయంకాలపు మాటమీద పంపియుండును. “రెండేండ్లేగదా, ర్యాంకు వచ్చును” అన్న యాశ ఆ దూరమును కప్పివేసినది.

ఆ రెండేండ్లలో బిడ్డ ఇంటికి దూరముగా నున్నది నిజమేగాని, ఇల్లు విడిచి బ్రతుకుట నేర్చినదా? తెల్లవారుజామున గంట కొట్టి లేపుదురు. స్టడీ అవర్సు, తరగతి, భోజనము, మరల స్టడీ అవర్సు, రాత్రి పొద్దుపోయిన పిదప నిద్ర. ఇంటికి ఫోను చేయుటకు వార్డెను నియమించిన దినము. వెలుపలికి పోవుటకు నెలకొక ఔటింగు. చేతికి రూపాయి రాదు, వచ్చినను ఖర్చుపెట్టు దారి లేదు. ఏమి తినవలెనో, ఎప్పుడు చదువవలెనో, ఎప్పుడు పండుకొనవలెనో ఒక్కటియు తాను నిశ్చయించుకొనలేదు. కొలనుగట్టున రెండేండ్లు కూర్చుండబెట్టి, ఈత వచ్చినదనుకొని నట్టేట దింపినట్లు, ఆ బిడ్డను ఆగస్టు మాసపు ఒకానొక దినమున వార్డెను లేని, గంట లేని, తరగతికి పోకున్నను అడుగువారు లేని విశ్వవిద్యాలయపు హాస్టలులో విడిచివత్తుము. మొదటి సెమిస్టరులో బ్యాక్‌లాగులు ప్రోగుపడుటకు తెలివితక్కువ కాని, దూరము కాని కారణముగా నాకు తోచదు. స్వేచ్ఛ యెట్టిదో ముందు రవ్వంతయైన రుచిచూడకపోవుటయే కారణమని తోచుచున్నది.

రెసిడెన్షియలు చదువు సమస్తమును ఇట్టిదేయని నా మాట కాదు. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన ప్రభుత్వ గురుకుల పాఠశాల పద్ధతి, తరువాతి కాలపు నవోదయ విద్యాలయములు, 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో గ్రామీణ విద్యార్థులకై వెలసిన ట్రిపుల్ ఐ.టి.లు బాల్యముననే ఇల్లు విడిచిన పిల్లలను తీర్చిదిద్దినవే. నవోదయలో తొమ్మిదవ తరగతికి చేరిన పిల్లలలో కొందరిని ఒక యేడు హిందీ ప్రాంతపు విద్యాలయమునకు పంపి, అటనుండి కొందరిని ఇటు రప్పించు నియమమున్నది. పదునాలుగేండ్ల తెలుగుపిల్ల పరభాషాప్రాంతమున ఏడాది గడిపి వచ్చుట! అయినను ఆ పిల్లలు తట్టుకొందురు. గుంపుగా పోవుదురు, పోయిన చోటను తమ విద్యాలయమువంటిదే మరియొకటి యుండును, ఏడాది ముగియగనే తిరిగివత్తురు. ఆటయు, తోటయు, నాటకమును, వంతులవారీ పనులును అందు చదువులో భాగములు. బిడ్డ తన బట్టలు తానుతికికొని, తన వంతు వడ్డన తాను చేసి, తన తగవు తాను తీర్చుకొన్న చోట దూరము బోధించును. అవన్నియు ఇతరులే చేసిపెట్టిన చోట అది వట్టి యెడబాటుగా మిగిలిపోవును.

కావున ఎంత దూరము పంపవచ్చునను ప్రశ్నకు ముందు మరికొన్ని చిన్న ప్రశ్నలు వేసికొనవలసియున్నది. అమ్మాయి ఒంటరిగా రిజర్వేషను చేయించుకొని రైలెక్కి దిగినదా? అబ్బాయికి నెలకింతయని యిచ్చినచో ఇరువదవ తేదీకి చేతిలో నేమైన మిగులునా? జ్వరము మూడవనాటికిని తగ్గకున్నచో రక్తపరీక్షకు పోవలెనని తోచునా, లేక స్నేహితుడిచ్చిన మాత్ర మ్రింగి పండుకొనునా? కామెర్లును, టైఫాయిడును, డెంగ్యూయు హాస్టళ్ళకు అరుదైన యతిథులు కావు. ఈ ప్రశ్నలకు జవాబు లేదన్నచో చదువు మానిపింపనక్కరలేదు. ప్రవేశమునకు ముందున్న రెండు నెలల సెలవులలో నేర్పినచో చాలును. ఇంట కూర్చుండబెట్టి మేపుటకు బదులు, ఆ వేసవిలో నెల ఖర్చు బిడ్డచేతికిచ్చి యింటి సరకులు తెప్పించి చూడుడు. తాతగారి మందులచీటీ పట్టుకొని ఆసుపత్రికి ఒంటరిగా పోయివచ్చిన కుర్రవాడు పొరుగు రాష్ట్రమున బెదరడు.

ఒక రాత్రి ప్రయాణమను నా కొలతకు మినహాయింపులు లేకపోలేదు. చదువదలచిన విషయమే దూరమును నిర్ణయించు సందర్భములు గలవు. గణాంకశాస్త్రముపై నిజమైన మక్కువ గలవానికి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ పిలిచినచో, అతడు సంకోచింపక హౌరా బండి యెక్కవలెను. శుద్ధగణితమునకు చెన్నైయును, మౌలికశాస్త్రములకు బెంగుళూరును, రూపకల్పనకు అహమ్మదాబాదును, చలనచిత్ర విద్యకు పూనాయును అట్టివే. ఆ విద్య అంత చక్కగా చెప్పుచోటు ఇంటి ప్రక్కన లేదు గనుక ఆ దూరమునకు అర్థమున్నది. ఊరూర దొరకు కంప్యూటరు ఇంజనీరింగునే, అదే పుస్తకములతో, అంతకంతకు పెద్ద ఫీజుతో, ఉత్తరదేశపు నిన్నగాక మొన్నటి ప్రైవేటు విశ్వవిద్యాలయములో చదువుటకై వేలకొలది కిలోమీటర్లు పోవుటలోని యర్థము నాకింతవరకు బోధపడలేదు. రంగులద్దిన కరపత్రములో ఈతకొలను బొమ్మ కనబడినదని తప్ప వేరు కారణము చెప్పినవారును అరుదు.

సముద్రములు దాటుట మరియొక యధ్యాయము. అమెరికా విశ్వవిద్యాలయములలో 2023-24 విద్యాసంవత్సరమున భారతీయ విద్యార్థులు 3,31,602 మంది యుండిరని అచ్చటి ఓపెన్ డోర్సు నివేదిక తెలిపినది. అందు తొలి డిగ్రీకై చేరినవారు సుమారు 36 వేలు మాత్రమే. తక్కినవారిలో నధికసంఖ్యాకులు ఇక్కడ డిగ్రీ ముగించి, ఇరువదియొక్కటి, ఇరువదిరెండేండ్లు వచ్చిన పిమ్మట ఎం.ఎస్. కొరకు పోయినవారు. తెలుగు కుటుంబముల వాడుకయు చాలవరకిదియే. సప్తసముద్రముల కావలికి పంపుటకు వెనుకాడని మనవారు ఆ ప్రయాణమును నాలుగేండ్లు వెనుకకు జరుపుకొనుట ఖర్చునుబట్టి జరిగినదో, వివేకమునుబట్టి జరిగినదో గాని, మంచిదే యైనది. వైద్యవిద్యకై ఇంటర్మీడియటు కాగానే విదేశములకు పోవు పిల్లల సంగతి వేరు. 2022లో ఉక్రెయినున యుద్ధము చెలరేగి, తెలుగువారితోకూడ వేలకొలది భారతీయ విద్యార్థులను ప్రత్యేక విమానములలో తరలింపవలసివచ్చినప్పుడు, ఒక రాత్రిలో చేరరాని దూరమన నేమో ఎందరో తల్లిదండ్రులకు తెలిసివచ్చెను. అట్లు పోవువారు దూరముకంటె ముందు నియమములు చూచుకొనవలెను. విదేశమున కనీసము 54 నెలల చదువు, అదే సంస్థలో పండ్రెండు మాసముల ఇంటర్నుషిప్పు ఉండవలెనని జాతీయ వైద్య కమిషను 2021లో విధించినది. అవి పూర్తికానిచో అంత దూరము పోయివచ్చినను ఇచ్చట వైద్యుడుగా నమోదు కాజాలడు.

ఫోనును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఇన్‌లాండు లెటరు వ్రాసి పదిదినములు ఎదురుచూచిన తరమువారు నేడు తాతలైరి. మనియార్డరు ఫారముపై అడుగుభాగమున నాలుగు పంక్తులలో ఇంటి క్షేమసమాచారమంతయు కుదించి వ్రాసిన తండ్రులు గతించిరి. నేటి తల్లి మధ్యాహ్నము “తిన్నావా నాన్నా?” అని సందేశము పంపి, సాయంకాలము వీడియోలో కంచమునందలి కూరను చూచి, రాత్రి పడుకొనుటకు ముందు మరియొకమారు పిలుచును. ఇది ప్రేమయే, సందేహము లేదు. కాని గదిలోని తోటివిద్యార్థితో తగవు వచ్చిన క్షణముననే మూడు వందల కిలోమీటర్ల యవతలనున్న తండ్రి వార్డెనునకు ఫోను చేసి దానిని పరిష్కరించుచున్నచో, ఆ బిడ్డ హాస్టలులో చేరినదన్న మాట కాగితముపైననే మిగులును. చేరిన క్రొత్తలో దినమున కొకమారును, దసరా సెలవుల తరువాత రెండుమూడు దినముల కొకమారును మాటలాడిన చాలునని నాకు తోచును. అయితే బిడ్డ గొంతు మారినచో పసిగట్టుటకు చెవి మాత్రము మేలుకొనియుండవలెను. మొదటి రెండు నెలలు బెంగ యందరికిని కలుగును. దీపావళి దాటినను తిండి తగ్గి, నిద్ర తప్పి, తరగతులు మాని, మాటలు ముక్తసరియైపోయినచో అది బెంగ కాదు. అప్పుడు ధైర్యవచనములు ఫోనులో చెప్పుచు కూర్చుండక ఆ రాత్రి బండికే బయలుదేరవలెను. ర్యాగింగు జరిగినచో ఎవరికి చెప్పుకొనవలెనో బిడ్డకు ముందే తెలిపియుంచుటయు అవసరము. ఆంధ్రప్రదేశమున దానిని నిషేధించు చట్టము 1997లోనే వచ్చినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో విధించిన నిబంధనలు ప్రతి కళాశాలకును వర్తించును.

ఆప్షన్లు ఇచ్చు గడువు రాకమునుపే, మనసులోనున్న రెండు మూడు చోట్లనైన చూచివచ్చుట మంచిది. కారు కట్టించుకొని, పట్టపగలు ప్రధానద్వారమున ప్రవేశించి, ఆఫీసులో కాఫీ త్రాగి వచ్చినచో చూచినట్లు కాదు. బిడ్డ రేపు ఏ బండిలో పోవలసియున్నదో ఆ బండిలోనే స్లీపరు టికెట్టు తీసికొని, తెల్లవారుజామున ఆ స్టేషనులో దిగి, అచ్చటినుండి కళాశాలకు ఆ వేళ బస్సున్నదో, ఆటోవాడేమడుగునో చూడవలెను. మెస్సులో రాత్రి భోజనము చేయవలెను. త్రాగునీరు ఎక్కడనుండి వచ్చునో, దగ్గరి ఆసుపత్రి ఏదో, రాత్రివేళ జ్వరము వచ్చిన విద్యార్థిని ఎవరు తీసికొనిపోవుదురో ప్రిన్సిపాలునుగాక మూడవ సంవత్సరపు పిల్లల నడుగవలెను. అబద్ధము చెప్పవలసిన యవసరము వారికి లేదు.

చూచి వచ్చిన పిదప ఆప్షన్ల పట్టికను బిడ్డచేతనే వ్రాయింపుడు. రెండు పేర్లు కొట్టివేయు హక్కు తల్లిదండ్రులకుండుగాక. కారణము చెప్పి కొట్టివేయవలెను. ఆపైన ఆ వరుసను కంప్యూటరులో నమోదుచేయుటకు వీధి చివరనున్న నెట్‌సెంటరు కుర్రవానికి పాస్‌వర్డు నప్పగించి, “నీకు తెలిసినవి పెట్టుము నాయనా” అని చెప్పి వచ్చు తండ్రులు నేటికిని కనబడుచున్నారు. గడువు ముగియు రాత్రి పదునొకండు గంటలకు, వెనుక వరుసలో మరి పదిమంది తొందరపెట్టుచుండగా, ఆ కుర్రవాడు నొక్కిన మీటనుబట్టి వారి బిడ్డ నాలుగేండ్లు ఎక్కడ నుండునో తేలిపోవుచున్నది.